తేజీల వంశం, తల్లుల పేర్లు

విజయనగరాన్ని 1485 నుంచి 1491 వరకు ఏలిన సాళువ నరసింహరాయలు చచ్చిన గుర్రాలకు సైతం వెల చెల్లించేవాడని పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావ్ నూనిజ్ వ్రాశాడు. హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి వచ్చే గుర్రాలను, బ్రతికి ఉన్నా చచ్చినా, మూడింటికి వెయ్యి పర్దావుల చొప్పున రాయలు తీసుకునేవాడట. నడిసముద్రంలో చనిపోయిన గుర్రానికి తోకను మాత్రం తెచ్చి చూపితే చాలు, సొమ్ము ముట్టేది. నూనిజ్ ఈ మాట వ్రాసినది దాదాపు అర్ధశతాబ్ది తర్వాత, 1535 ప్రాంతంలో. కనుక ఇందులో జనశ్రుతి పాలు కొంత ఉండవచ్చు. అయినా దీనిని కట్టుకథగా త్రోసిపుచ్చడానికి వీలులేదు. అంతకు రెండు శతాబ్దాలకు పూర్వమే పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్ దక్షిణాది పాండ్య రాజ్యానికి, కీష్ ద్వీపాధిపతి జమాలుద్దీన్‌కు మధ్య కుదిరిన ఇటువంటి ఒడంబడికనే పేర్కొన్నాడు. ఏటా 1,400 గుర్రాలు. ఒక్కొక్కదానికి 220 ఎర్ర బంగారు దీనారాలు. దారిలో చనిపోయిన వాటి వెల కూడా రాజు ఖజానా నుంచే చెల్లించాలి.

వర్తకం దృష్టితో చూస్తే ఇందులో వింత లేదు. ఆరేబియా సముద్రంపై గుర్రాలను తరలించడం అత్యంత ప్రమాదకరమైన వ్యాపారం. నష్టభయాన్ని కొనేవాడు భరించకపోతే ఓడ మరొక రేవుకు, బహుశా శత్రురాజు రేవుకే, మళ్లిపోతుంది. చరిత్ర విద్యార్థిని ఆలోచింపజేసేది వేరొక ప్రశ్న. ఇన్ని శతాబ్దాలు ఇంత ధనం వెచ్చించి అరబ్బు గుర్రాలను కొన్న దేశంలో అరబ్బు గుర్రపు వంశం ఎందుకు నిలువలేదు? దక్షిణాపథమంత విరివిగా వాటిని కొనని ఈజిప్టు, పోలెండు, ఇంగ్లండు దేశాలలో అది ఎట్లా నిలిచింది?

కొనుగోలులో తెలుగుదేశం వెనుకబడి లేదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితం చేసిన అవచి తిప్పయసెట్టి సింహళం నుంచి ఏనుగులను తెప్పించినట్లే ‘హురుమంజి’ నుంచి మేలైన గుర్రాలను తెప్పించాడని ఆ కావ్యమే చెబుతున్నది. హురుమంజి అంటే హొర్ముజ్. పర్షియన్‌లో అరబ్బును సూచించే ‘తాజీ’ మాటకు సంస్కృతంలోని తాజికకు, మన కవుల ‘తేజీ’కి చుట్టరికం కనిపిస్తున్నది. ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో కృష్ణదేవరాయలు దూరద్వీపాల నుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, మంచి ఇళ్లు, గౌరవం, గిట్టుబాటు ధర ఇచ్చి వారు శత్రువుల వైపు పోకుండా తనవారిని చేసుకోవాలని ఉపదేశించాడు. ఇది కవి ఊహ కాదు, పాలకుని అనుభవం. 1510లో అల్‌బుకర్క్ గోవాను పట్టుకున్న తర్వాత హొర్ముజ్ గుర్రాలకు గోవాయే ద్వారమైనది. ఆయన తేజీల ఆశ చూపి ఒకవైపు విజయనగరాన్ని, మరొకవైపు బీజాపూరును ఆడించగలిగాడు. 1547లో పోర్చుగీసువారు విజయనగరంతో చేసుకున్న సంధిలో గోవాకు వచ్చే గుర్రాలు బీజాపూరుకు కాక విజయనగరానికే దక్కాలన్నది ముఖ్యమైన షరతు. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ లెక్క. అది అతిశయోక్తి అనుకున్నా, ఏటా అన్ని గుర్రాలు కొనవలసి వచ్చిందంటే నిరుడు కొన్నవి ఏమైనట్లు?

ఈ ప్రశ్నకు పదమూడవ శతాబ్ది చివర పాండ్య తీరాన్ని చూసిన మార్కో పోలో ఒక సమాధానం ఇచ్చాడు. అక్కడి రాజు ఏటా 2,000కు పైగా గుర్రాలను కొంటాడనీ, సంవత్సరాంతానికి వాటిలో నూరు కూడా మిగలవనీ అతని మాట. గుర్రాలకు ఉడికిన అన్నం, మాంసం పెట్టేవారట. వాటి వైద్యం తెలిసినవారు లేరట. గుర్రాలు తెచ్చే వర్తకులే తమ బేరం చెడకుండా అశ్వవైద్యులను ఆ దేశానికి రానిచ్చేవారు కాదట. మేలైన మగ గుర్రాన్ని మేలైన ఆడ గుర్రంతో జతపరచినా అక్కడ వంకర కాళ్ల పిల్లే పుట్టేదని కూడా అతడు వ్రాశాడు. వస్సాఫ్ కూడా పచ్చి యవలకు బదులు వేయించిన యవలు, వెన్న కలిపిన ధాన్యం, కాచిన ఆవుపాలు పెట్టేవారని ఆశ్చర్యపోయాడు. విదేశీయుల ఈ మాటలను యథాతథంగా స్వీకరించనక్కరలేదు. శాలిహోత్రం పుట్టిన దేశంలో, నకులుని పేర, జయదత్తుని పేర అశ్వవైద్య గ్రంథాలు వెలసిన దేశంలో గుర్రపు వైద్యం తెలిసినవాడే లేడనడం చెల్లదు. తేమగాలి, వానలు, మెత్తని నేల, గడ్డిలో సారం లేకపోవడం పోషణకు ప్రతికూలమన్నది మాత్రం నిజం.

అయితే వాతావరణమే కారణమంటే చాలదు. మన అశ్వశాస్త్రం గుర్రాన్ని చూచిన తీరును కూడా గమనించాలి. గుర్రపు ఒంటిపై వెంట్రుకల సుడులు ఎక్కడ ఎన్ని ఉన్నాయి, కంఠాన ‘దేవమణి’ ఉన్నదా, నాలుగు కాళ్లు, ముఖం తెల్లనై పంచకళ్యాణి అయినదా, ఏ సుడి యజమానికి మేలు, ఏది కీడు అన్నవి ఆ శాస్త్రంలో ప్రధాన విచారాలు. పుట్టిన దేశాన్ని బట్టి కూడా తరతమాలున్నవి. కౌటిల్యుడు కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయు దేశాల గుర్రాలను ఉత్తమమైనవిగా పేర్కొన్నాడు. దేశం పేరు ఉన్నది, ఒంటి లక్షణం ఉన్నది. ‘ఈ గుర్రపు తల్లి ఎవరు, ఆ తల్లికి తల్లి ఎవరు’ అన్న విచారణకు మాత్రం అంత చోటు దక్కలేదు. మన పరీక్షకుడు కంటి ఎదుట నిలిచిన గుర్రాన్ని చదివాడు. అరబ్బు బదూ కంటికి కనబడని గుర్రాలను లెక్కపెట్టాడు. బదూలకూ సుడుల పట్టింపు ఉన్నది కాని, వంశం తెలియని గుర్రానికి ఎంత మంచి సుడి ఉన్నా వారి గుడారాల వద్ద విలువ లేదు.

వారిలో గుర్రపు వంశం తల్లి వైపు నుంచి నడుస్తుంది. కుహైలాన్, సక్లావీ, ఉబయ్యాన్, హమ్‌దానీ, హద్‌బాన్ అనేవి ప్రసిద్ధమైన ఐదు శాఖలు. దప్పికతో నీటివైపు పరుగెత్తుతూ కూడా యజమాని పిలుపు విని వెనుదిరిగిన ఐదు గోడిగల సంతానమే ఇవన్నది ప్రచారంలో ఉన్న కథ. చరిత్రకారులు దానిని ప్రమాణంగా తీసుకోరు. శాఖను సూచించే ‘రసన్’ అన్న మాటకు అర్థం పగ్గం. తల్లి పగ్గం పట్టుకొని పోయేదే వంశమన్న భావం ఆ మాటలోనే ఉన్నది. దాడులకు వారు ఎక్కినది ఆడ గుర్రాన్నే. శత్రువుల గుర్రాల వాసన తగిలినా అది సకిలించి జాడ చెప్పదు. అటువంటి గోడిగను అమ్మడం అరుదు. అమ్మినా పూర్తిగా అమ్మరు. పుట్టబోయే మొదటి ఒకటి రెండు ఆడపిల్లలను తిరిగి ఇవ్వాలన్న షరతు ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో బొంబాయి గుర్రపు సంతలకు వచ్చిన అరబ్బు గుర్రాలు దాదాపు అన్నీ మగవే. అంతకు ముందరి ఓడలలోనూ ఇదే పరిస్థితి అయివుంటుందని ఊహించడం తప్పు కాదు. అనగా దక్షిణాది రాజులు కొన్నది పరాక్రమాన్నే కాని వంశాన్ని కాదు. వంశం ఎడారిలోనే ఉండిపోయింది.

ఆ వంశాన్ని ఎడారి దాటించినవారిలో ప్రథముడు 1848 నుంచి 1854 వరకు ఈజిప్టును పాలించిన అబ్బాస్ పాషా. ఆయన గుర్రాలతో తృప్తి పడలేదు. ప్రతి శాఖ పుట్టుక, అది ఏ తెగ నుంచి ఏ తెగకు, ఏ గోడిగ ద్వారా చేరిందో తెలిసిన పెద్దల వద్దకు దూతలను పంపి వాఙ్మూలాలు వ్రాయించి తెప్పించాడు. అప్పటిదాకా నాలుకల మీద ఉన్న వంశావళి కాగితానికెక్కింది. ఆ వ్రాతప్రతికి ఆంగ్లానువాదం 1993లో వెలువడింది. పాలకుడుగా అబ్బాస్‌కు మంచి పేరు లేదు. 1854లో హత్యకు గురైనాడు. ఆయన గుర్రాలు 1860లో వేలమైపోయినవి. అలీ పాషా షరీఫ్ వాటిలో మేలైనవాటిని కొని వంశాన్ని నిలిపాడు గాని, 1870ల నాటి అశ్వరోగం ఆ శాలలను చాలావరకు తుడిచిపెట్టింది.

మిగిలినవాటిపై కన్ను పడినది ఆంగ్ల దంపతులు విల్‌ఫ్రిడ్ బ్లంట్, లేడీ యాన్ బ్లంట్‌లకు. లేడీ యాన్ కవి బైరన్‌కు మనుమరాలు, గణితజ్ఞురాలు అడా లవ్‌లేస్‌కు కుమార్తె. 1878లో సస్సెక్స్‌లోని క్రాబెట్‌లో అశ్వశాలను స్థాపించి, యూఫ్రటీసు తీరం, నజ్ద్ ఎడారి తిరిగి గోడిగలను సేకరించారు. 1879లో నజ్ద్ యాత్ర ముగించి బాగ్దాదు, బుషేర్ మీదుగా వారు చేరినది భారతదేశానికే. 1883-84లో మళ్లీ వచ్చినప్పుడు బ్లంట్ హైదరాబాదులో కొంతకాలం గడిపి, యువ నిజాం మహబూబ్ అలీఖాన్ పట్టాభిషేక సమయంలో ఇక్కడి రాజకీయాలను నిశితంగా గమనించాడు. 1889లో అలీ పాషా వద్ద కొన్న మెసావూద్ అనే మగ గుర్రం 1891లో క్రాబెట్ చేరింది. ఈనాడు ప్రపంచంలోని అరబ్బు గుర్రాలలో చాలావాటి వంశావళిలో దాని పేరు కనిపిస్తుంది. 1896-97లో అలీ పాషా శాలలో మిగిలిన ఉత్తమ అశ్వాలను లేడీ యాన్ కొన్నారు. 1917లో ఆమె మరణించగా గుర్రాల కోసం తండ్రీకూతుళ్లు న్యాయస్థానానికెక్కారు. 1920లో కుమార్తె లేడీ వెంట్‌వర్త్ పక్షమే నెగ్గింది. ఆ ఏటే ఆమె కొన్న పోలెండు గుర్రం స్కోవ్రోనెక్ రూపానికి జగమెల్ల జోహారులర్పించినా, దాని తల్లి వైపు వంశం అసలైనదేనా అన్న వాదం నేటికీ చల్లారలేదు. చూపులకు ఇంత చక్కని గుర్రం విషయంలోనూ తల్లి పేరు అడగడం మానలేదంటే ఆ సంప్రదాయపు బలం ఎటువంటిదో తెలుస్తుంది.

పోలెండు కథ ఇంకా విలువైనది. 1845లో జూలియుష్ జెదుషిత్స్కీ ప్రభువు తన యార్చోవ్‌త్సె శాలకు ఎడారి నుంచి తెచ్చిన గజెల్లా, మ్లెఖా, సహారా అనే మూడు గోడిగల సంతతి నేటికీ ఆ తల్లుల పేర్లతోనే లెక్కింపబడుతున్నది. రెండు ప్రపంచ యుద్ధాలు ఆ దేశపు శాలలను తుడిచిపెట్టినంత పని చేశాయి. 1817లో స్థాపితమైన యానూవ్ పొద్‌లాస్కీ ప్రభుత్వ అశ్వశాల గుర్రాలను 1945లో పడమటికి తరలిస్తుండగా ఫిబ్రవరి 13 రాత్రి డ్రెస్డెన్ నగరంపై బాంబులు కురిశాయి. ఒక సాహిణి రెండు మగ గుర్రాల పగ్గాలను ఆ మంటల మధ్య విడువకుండా పట్టుకొని నిలిచాడు. ఆ రెండింటిలో ఒకటైన విత్రాజ్‌కు 1956లో పుట్టిన బాస్క్ 1963లో అమెరికా చేరి మరుసటి ఏడే జాతీయ ఛాంపియన్ అయినది. 2015లో పోలెండు వేలంలో పెపితా అనే గోడిగ 14 లక్షల యూరోలు పలికింది. 2016లో యానూవ్, మిహావూవ్ ప్రభుత్వ శాలల అనుభవజ్ఞులైన సంచాలకులను తొలగించడం ఐరోపా అంతటా విమర్శలకు గురైంది. మూడు తరాల గుర్రాలను చూస్తేగాని అర్థం కాని పనిని పదవీకాలాలతో కొలవడం ఎంతవరకు సబబన్నదే ఆ విమర్శల సారాంశం.

ప్రదర్శనల ఛాంపియన్‌లంతా ఉత్తమాశ్వాలేనా అన్నది వేరే మాట. జాతి లక్షణం, తల, మెడ, దేహం, కాళ్లు, నడకలకు విడివిడిగా మార్కులు వేసే ఈ పోటీలలో కొన్నేళ్లుగా ముఖ సౌందర్యానికే మోజు పెరిగింది. ముక్కుపై నొక్కు మరీ లోతుగా ఉన్న గుర్రాల విషయంలో శ్వాసకు ఇబ్బంది కలుగుతుందని 2017లో పశువైద్యులు బహిరంగంగా ఆక్షేపించారు. ఒకే ఛాంపియన్ రక్తాన్ని తిరిగి తిరిగి కలిపినప్పుడు దాగి ఉన్న దోషాలు బయటపడతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ దోషం సంక్రమించిన పిల్లలు రోగనిరోధక శక్తి లేక కొద్ది నెలల్లోనే మరణించే జబ్బు ఒకటి ఈ జాతిలో ఉన్నది. దానిని మోసే గుర్రాలను గుర్తించే జన్యుపరీక్ష 1997లో వచ్చింది. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే జన్యుపదార్థాన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఒకే శాఖ పేరు గల గుర్రాలలో పలు మాతృవంశాలు కనిపించాయి. బదూల జ్ఞాపకం మనం అనుకున్నంత నిర్దుష్టం కాదన్నమాట. అయినా ఆ జ్ఞాపకమే లేకపోతే పరీక్షించవలసిన వంశాలే మిగిలేవి కావు.

మన దేశంలో ఈ తల్లుల లెక్క అసలే లేదనడం కూడా సరికాదు. కచ్ఛ్ గుర్రాలు అరబ్బు గుర్రాలకు సాటి అని మెచ్చుకుంటూ అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఒక ఐతిహ్యం చెప్పాడు. ఒకప్పుడు ఒక అరబ్బు ఓడ పగిలి కచ్ఛ్ తీరానికి కొట్టుకువచ్చిందట. అందులోని ఏడు మేలుజాతి గుర్రాల సంతతే ఆ ప్రాంతపు గుర్రాలట. దాని పొరుగున ఉన్న కాఠియావాడులో కొనలు లోపలికి తిరిగి ఒకదానినొకటి తాకే చెవులు గల గుర్రాన్ని సంస్థానాధీశులు, కాఠీ దొరలు తరతరాలుగా పెంచారు. ఆ గుర్రాల శాఖలకు పేర్లు మూలమైన గోడిగల నుంచే వచ్చాయి. తాజణ్, మాణకీ వంటి పేర్లు సౌరాష్ట్ర జనుల నోట నేటికీ వినిపిస్తాయి. ఇరవై ఎనిమిది శాఖల వరకు మిగిలి ఉన్నవని అంచనా. సంస్థానాలు విలీనమైన తర్వాత దొరల శాలలు చాలా మూతపడగా, జునాగఢ్‌లోని ప్రభుత్వ అశ్వశాల, గ్రామాలలోని కొన్ని కుటుంబాలు ఆ వంశాలను కాపాడుతూ వచ్చాయి. వాటిలో అనేక శాఖల చరిత్ర ఇప్పటికీ వృద్ధుల నోటి మాటగానే ఉన్నది. అబ్బాస్ పాషా దూతలు చేసిన పని అక్కడ ఇంకా పూర్తిగా జరుగలేదు.