ఉప్పు మడిలో పాదం (మన చరిత్ర – 14)

1930లో గాంధీ 78 మందితో దండికి బయలుదేరాడు. 24 రోజులు, సుమారు 390 కిలోమీటర్లు. నడిచినవాళ్ల కాళ్ల బొబ్బల గురించి చరిత్రకారులు రాశారు. మంచిదే. అంతకుముందూ ఆ తర్వాతా ఆ ఉప్పు పండించిన కాళ్ల గురించి ఎవరు రాశారు?

మన సంతబొమ్మాళి మండలంలోని నౌపడనే చూడండి. మడుల్లోకి ఉప్పునీరు పెట్టే ముందు నేలను కాళ్లతో తొక్కి గట్టిపరచాలి. ఎండలు ముదిరాక పేరిన ఉప్పును కర్ర పలకతో లాగేటప్పుడూ కాళ్లు ఆ నీళ్లలోనే. నానిన చర్మాన్ని ఉప్పు పలుకు కోస్తుంది. రాపిడికి బొబ్బ లేస్తుంది. అది చితికితే మళ్లీ ఉప్పే తగులుతుంది. వైద్యం పెద్ద రహస్యమేం కాదు. బొబ్బ మీది తోలు పీకకూడదు, మంచినీళ్లతో కడిగి శుభ్రమైన పొడిగుడ్డ కట్టాలి, నాలుగు రోజులు ఆ కాలికి పని చెప్పకూడదు. ఆ నాలుగు రోజుల కూలి ఎవరిస్తారు?

చెప్పు సంగతీ ఇంతే. తోలు పదును చేసి చెప్పు కుట్టింది మాదిగలు. అది తొడుక్కుని పెద్దకులాల వీధిలో నడవనివ్వలేదు. (బూట్లేసుకున్న అంబేడ్కర్ విగ్రహం ఊరూరా ఎందుకని అడిగే మిత్రులు ఇక్కడ కాస్త ఆగండి.)

గుజరాత్ కచ్ రణ్‌లో ఉప్పు పండించే అగరియాలు చనిపోతే చితి మీద పాదాలు సరిగా కాలవని, వాటిని విడిగా పూడుస్తారని అక్కడివాళ్లు చెబుతారు.

ఉప్పు పన్ను 1947లో రద్దయింది. మడి కూలీకి ఏం మిగిలిందో వచ్చే భాగంలో.