నలుగురి వాయిద్యం ఒక్కరి చేతికి

మాదాపూర్‌లోని శిల్పారామం ఆలోచన 1992 నాటిది. దానికి దగ్గరలోనే 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ గుండ్రటి భవనంతో హైటెక్ సిటీ అనే పేరు దేశమంతా పాకింది. ఒక పక్క కంప్యూటర్ కొలువులు, ఇంకో పక్క మట్టి గోడల నమూనా పల్లె. ఆదివాసీల డోలు, డప్పు ఆ వైపు మోగేది ఆ రెండో పక్కనే.

కొన్నేళ్ల కిందట మేము కూడా మా దండారి బృందంతో ఆ ప్రాంతంలో ఒక కార్యక్రమానికి వెళ్లాం. దండారి మాకు దీపావళి రోజుల్లో ఊరి నుంచి ఊరికి సాగే మొక్కు. నగరంలో మాత్రం పది నిమిషాల అంశం. "వాయించేవాళ్లు ఎక్కువమంది వద్దు, నలుగురు చాలు" అని ముందే కబురు పంపారు. డప్పు, డోలు, తుడుం, పెప్రె, కాలికోం అన్నీ ఉంటేనే మా అడుగు పడుతుంది. ఎవరిని ఆపాలి? చివరికి ఇద్దరు పెద్దలు ఊళ్లోనే ఉండిపోయారు. వేదిక వెనక డప్పు కాచుకోవడానికి గడ్డిమంట వేసుకుంటామంటే దానికీ ఒప్పుకోలేదు. మెత్తబడ్డ తోలుతోనే వాయించాం.

మా తర్వాత కొందరు కుర్రవాళ్లు వచ్చారు. పగలు కంపెనీల్లో పని, సాయంత్రం పాట. వాళ్లలో ఒకతను చిన్న డ్రమ్ కిట్ పరిచాడు. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, తీగల స్నేర్, రెండు చిన్న టామ్‌లు, కాలితో తెరిచి మూసే జంట తాళాలు, పైన ఒక సింబల్. రెండు సంచుల్లో పట్టే సామాను. అతను చిన్న తాళంచెవితో అంచు చుట్టూ బోల్టులు బిగిస్తూ, వేలితో తట్టి వింటున్నాడు. మాతో వచ్చిన డప్పు కాక చాలాసేపు చూసి అన్నాడు: "మనం నిప్పుతో చేసేది ఈ పోరడు చెవితో చేస్తుండు సార్."

ఆ మాట మమ్మల్ని డ్రమ్ కిట్ చరిత్ర వైపు తీసుకెళ్లింది.

ఈ కిట్ మొదట ఒక్కరిది కాదు. అమెరికాలో ఊరేగింపు బ్యాండ్లలో పెద్ద డ్రమ్ము ఒకరిది, స్నేర్ ఇంకొకరిది, తాళాలు మరొకరివి. నాటకశాలల్లో చోటు తక్కువ, ఇచ్చే కూలీ తక్కువ. అందుకని ఒక్కరే రెండు డ్రమ్ములు వాయించడం మొదలైంది. 1909లో విలియం లుడ్విగ్ కాలి పెడల్‌ను బాగుచేసి మార్కెట్‌లోకి తెచ్చాక, కాలు కూడా చెయ్యిలా పనిచేసింది. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి వాయిద్యకారులు ఆ సామానుకు జాజ్ నడక నేర్పారు. అదే నల్లజాతి వాళ్ల డ్రమ్ములను ఒకప్పుడు చట్టమే నిషేధించింది. 1739లో దక్షిణ కరోలినాలో స్టోనో దగ్గర బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడు వచ్చిన చట్టం వాళ్లు డ్రమ్ములు వాడకూడదని చెప్పింది. డ్రమ్ము జనాన్ని పిలుస్తుందని దొరలకు తెలుసు. తుడుం మోతకు ఊరు కూడే మా ప్రాంతానికి ఇది చెప్పనక్కరలేదు. మా హక్కుల సంఘం తన పేరులోనే తుడుం దెబ్బ అని పెట్టుకుంది.

ఇక శబ్దం సంగతి. తీగను మీటితే వచ్చే పై స్వరాలు మూల స్వరానికి రెండింతలు, మూడింతలుగా సరిగ్గా కుదురుతాయి. గుండ్రటి తోలు అలా కాదు. దాని పై స్వరాలు 1.59, 2.14 ఇలా వంకరగా వస్తాయి. అందుకే మామూలు డ్రమ్ములో శ్రుతి కన్నా మోత ఎక్కువ. మృదంగం, తబలా నడుమ నల్లటి కరణి వేసి మన వాళ్లు ఆ వంకర సరిచేశారు. ఆ సంగతిని సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో వివరించారు.

కరణి లేని చిన్న కిట్‌ను పాడించాలంటే ఓపిక కావాలి. అంచు చుట్టూ బిగువు ఒక్కటే ఉండాలి. ఒక బోల్టు బిగిస్తే తర్వాత దాని ఎదురుది బిగించాలి, పక్కది కాదు. ప్రతి బోల్టు దగ్గర తట్టి ఒకే స్వరం వచ్చేదాకా చూడాలి. చిన్న డ్రమ్మును మరీ వదులు చేస్తే అట్టపెట్టె అవుతుంది, కాస్త బిగిస్తేనే పలుకుతుంది. 18 అంగుళాల చిన్న బేస్ డ్రమ్ముతో జాజ్ వాళ్లు చేసింది ఇదే. మోత ఎక్కువైతే తోలు మీద గుడ్డముక్క వేస్తారు. నడుమ కొడితే పొడి దెబ్బ, అంచుకు జరిగితే మోగే దెబ్బ. అన్నిటికన్నా ముఖ్యం, పాటను మింగకుండా కొట్టడం. ఇవన్నీ డప్పు కాకకు తెలిసినవే. ఏ వేలు ఎక్కడ, తోలు ఎంత వేడి, పెప్రె మొదలైతే ఎంత తగ్గాలి అనేది ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు.

అయితే ఒక తేడా ఉంది. కిట్‌లో శబ్దాలన్నీ ఒక్కరి చేతికి వస్తాయి. మాకు వాయిద్యం అంటే శబ్దం ఒక్కటే కాదు, వరస కూడా. గోండుల కథలను తోటి, పర్ధాన్ ఇళ్లవాళ్లు తరతరాలుగా మోస్తున్నారు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశం కొలుపుకు వాళ్ల వాయిద్యం కావాలి. ఒక్కరిని తగ్గిస్తే ఒక ఇంటి వంతు పోతుంది. ఆ ఇంట్లో పిల్లవాడు నేర్చుకునే కారణమూ పోతుంది.

ఇది ఊరికే భయం కాదు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో వెళ్లిపోయారు. మార్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆయన కూడా 2024 అక్టోబరులో వెళ్లిపోయారు. ఒకే ఏడాదిలో రెండు పుస్తకాలు మూతబడ్డట్టయింది.

ఆ మార్లవాయిలోనే 1943లో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. మేము చాక్‌పీసు పట్టుకున్నది ఆ దారిలోనే. అక్షరం నేర్పిన బడి దెబ్బను మాత్రం రాసిపెట్టలేదు. మేము ఇప్పుడు చిన్నగా మొదలుపెట్టాం. శనివారం చివరి పీరియడ్‌లో ఒక పెద్దను పిలుస్తాం. దెబ్బ పేరు, ఎప్పుడు వాయిస్తారు, ఏ ఇంటివాళ్లు వాయిస్తారు, తోలు ఎలా కడతారు అని పిల్లలు నోటుబుక్కులో రాస్తారు, ఫోన్‌లో రికార్డు చేస్తారు.

మా పూర్వ విద్యార్థులు కొందరు ఇప్పుడు గచ్చిబౌలి, కొండాపూర్‌లలో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా చిన్న కిట్ కొనుక్కుంటే మేము వద్దనం. చెవి పెట్టి బిగించుకోండి, బాగా వాయించండి. దీపావళికి మాత్రం ఊరికి రండి. మీ ఇంటి డప్పు గోడకు వేలాడుతూ ఉంది, నిప్పు మేము రాజేసి ఉంచుతాం.