మెదడు రక్తనాళాల ఇరుకు

మెదడుకు రక్తం చేరవేసే ధమనుల గోడల్లో కొవ్వు పేరుకొని దారి సన్నబడే వ్యాధి. వృద్ధుల్లో పక్షవాతానికి ముఖ్య కారణాల్లో ఒకటి. అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం దీన్ని పెంచుతాయి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 392 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో పుర్రె లోపలి ధమనుల ఇరుకు ప్రముఖంగా కనిపించింది.

లక్షణాలు: పుక్కిలిస్తే నీళ్లు నోటి ఒక పక్కనుంచి కారడం, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, మాట ముద్దగా రావడం. నిమిషాల్లో తగ్గిపోయినా అది హెచ్చరికే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

చికిత్స: రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. 108కి ఫోన్ చేయడం మొదటి పని. ఆ తర్వాత బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మందులు, రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపకూడదు.

హైదరాబాద్ ఐటీ ప్రాంతం సైబరాబాద్‌లో: 1998లో ఐటీ భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ఐటీ ఉద్యోగుల నివాసాలయ్యాయి. పిల్లల కోసం సొంతూరు వదిలి వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పగలంతా ఒంటరిగా ఉండటం మామూలే. "చివరిసారి ఎప్పుడు బాగున్నారు?" అన్నదే ఇంజెక్షన్ గడువు లెక్కకు ఆసుపత్రిలో కీలకమైన ప్రశ్న. ఆఫీసు నుంచి మధ్యాహ్నం "తిన్నావా అమ్మా?" అంటూ చేసే ఫోనే ఆ సమయానికి సాక్ష్యం, ఒక్కోసారి ప్రాణాధారం.