ఇచ్ఛామూల్యము : వీడియో ఆటల విక్రయ చరిత్రలో ఒక ప్రకరణము

వస్తువునకు వెలను అమ్మువాడు చెప్పుట, కొనువాడు బేరమాడుట లోకరీతి. వెల నిర్ణయమును పూర్తిగా కొనువానికే విడిచిపెట్టుట అరుదు. అయినను పురోహితునకిచ్చు సంభావనయందును, హరికథ నడుమ తిరుగు పళ్లెమునందును ‘యథాశక్తి’ అను మాట తెలుగువారికి చిరపరిచితమైనదే. అట్టిచోట్ల ఇచ్చువాని చేతిని పదిమంది కన్నులు చూచుచుండును. పళ్లెమున అణా వేయువాడు ప్రక్కవాడు వేసిన దానిని గమనించియే వేయును. చూచువారు లేని చోట, ముఖపరిచయము లేని వారి నడుమ ఈ పద్ధతి నిలువగలదా? ఈ ప్రశ్నకు విస్తారమైన పరీక్ష ఈ శతాబ్దమున వీడియో ఆటల విపణియందు జరిగినది. ఆ వృత్తాంతమే ఈ వ్యాసమునకు విషయము.

కంప్యూటరు ప్రోగ్రాములను ముందుగా పంచి, నచ్చినవారిని సొమ్ము పంపుమని కోరు ఆచారము 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ నాఫ్ అను వారి ప్రయత్నములతో ప్రసిద్ధికి వచ్చినది. అయితే వారు తమకు రావలసిన మొత్తమును తామే సూచించిరి. మొత్తమును సైతము కొనువాని ఇష్టమునకు విడిచిన ప్రసిద్ధోదాహరణము సంగీతరంగమునుండి వచ్చినది. 2007 అక్టోబరులో ఇంగ్లండునకు చెందిన రేడియోహెడ్ అను గాయకబృందము తన ‘ఇన్ రెయిన్‌బోస్’ అను గీతసంపుటిని ఇంటర్నెట్ ద్వారా ఈ విధముగనే అందించినది.

ఇట్టి విక్రయము డిజిటల్ వస్తువులకు అనుకూలించుటకు కారణము స్పష్టము. నేతగాడు రెండవ చీరను నేయవలెనన్న మరల నూలును, శ్రమను వెచ్చింపవలెను. ఆటను నిర్మించుటకు ఏండ్లు పట్టినను, నిర్మితమైన పిదప లక్షవ ప్రతికగు వ్యయము మిక్కిలి స్వల్పము. కావున అధమ మూల్యము చెల్లించువాని వలన అమ్మువానికి నష్టము అంతగా ఉండదు. కాని అందరును అట్లే చెల్లించినచో నిర్మాతకు జీవనము గడవదు.

టూడీ బాయ్ అను చిన్న సంస్థ 2008లో ‘వరల్డ్ ఆఫ్ గూ’ అను ఆటను వెలువరించినది. కైల్ గాబ్లర్, రాన్ కార్మెల్ దాని స్థాపకులు. ఆటకు ఏడాది నిండిన సందర్భమున, 2009 అక్టోబరులో, 20 డాలర్ల వెలగల ఆ ఆటను తోచినంతకు కొనుడని వారు ప్రకటించిరి. మొదటి వారమున సుమారు 57 వేలమంది కొనిరి. సగటు చెల్లింపు రెండు డాలర్లకు కొంచెము మించినది. ఎక్కువమంది ఎంచుకొనిన మొత్తమో, ఒక్క సెంటు! ఆ సెంటు సొమ్మును చేరవేయు సంస్థ రుసుమునకే సరిపోయెను. వెల సున్నకు చేరువయైనను, జనబాహుళ్యము వలన నిర్మాతలకు లాభమే కలిగినది. కాని ఎవరును చూడని చోట చేయి ఎంత ముడుచుకొనునో కూడ ఈ విక్రయము వెల్లడించినది.

ఈ అనుభవము పిమ్మట వచ్చిన ప్రయత్నము మరింత ఆలోచనతో కూడినది. వుల్ఫైర్ గేమ్స్ సంస్థకు చెందిన జెఫ్ రోజెన్, జాన్ గ్రాహమ్ అనువారు స్వతంత్ర నిర్మాతల ఆటలను ఒక్క మూటగా కూర్చి, 2010 మే 4వ తేదీన ‘హంబుల్ ఇండీ బండిల్’ అను పేర విక్రయమునకు పెట్టిరి. వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్, లుగారు, పెనుంబ్రా అనునవి అందలి ఆటలు. సామొరోస్ట్ 2 పిదప చేర్చబడినది. వెల కొనువాని ఇష్టము. ఆ సొమ్ములో నిర్మాతలకెంత, ధర్మసంస్థలకెంత అనునది కూడ కొనువాడే విభజింపవచ్చును. ఆసుపత్రులలోని పిల్లలకు ఆటవస్తువులనందించు చైల్డ్స్ ప్లే, ఇంటర్నెట్ హక్కులకై పాటుపడు ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనునవి ఆ ధర్మసంస్థలు.

ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వచ్చిన మొత్తమును, సగటు చెల్లింపును వారు ఎప్పటికప్పుడు అందరికిని కనబడునట్లు ప్రకటించుచుండిరి. విండోస్, మ్యాక్, లినక్స్ వాడుకరుల సగటులను వేరువేరుగా చూపిరి. లినక్స్ వారు సగటున 14 డాలర్లకు పైగా, మ్యాక్ వారు సుమారు 10, విండోస్ వారు సుమారు 8 డాలర్లు ఇచ్చిరి. ఆటలు సాధారణముగా లభింపని తమ వర్గము కూడ కొనగలదని లినక్స్ వారు చాటదలచినట్లు తోచును. పళ్లెము చుట్టునుండు పదిమంది కన్నుల పనిని ఇచ్చట అంకెలు చేసినవి. విక్రయము ముగియునప్పటికి సుమారు 1 లక్ష 38 వేలమంది 12 లక్షల 70 వేల డాలర్లు చెల్లించిరి. సగటు 9 డాలర్లు దాటెను. అందు మూడవవంతునకు కొంచెము తక్కువ ధర్మసంస్థలకు చేరినది. పది లక్షలు దాటిన సంతోషమున నాలుగు ఆటల మూల సంకేతమును వాటి నిర్మాతలు బహిరంగపరచిరి.

ఈ చిత్రమునకు మరియొక ముఖము కలదు. ఆటలకు తాళము వేయకపోవుటచేత సుమారు నాలుగవవంతు ప్రతులు ఏమియు చెల్లింపని వారికి చేరినవని నిర్వాహకులు అంచనా వేసిరి. ఒక్క సెంటు ఇచ్చినను చాలునన్న చోటను ఇట్లు జరిగినది. అయినను, ఇచ్చినవారిని ఇబ్బందిపెట్టుట ఇష్టములేక వారు తాళము వేయలేదు.

2010 డిసెంబరునాటి రెండవ మూటయందు క్రొత్త నియమము వచ్చినది. సగటునకు మించి చెల్లించువారికి మొదటి మూట కూడ లభించును. దీనితో సగటు కేవల సమాచారము కాక, ప్రేరకమయ్యెను. ముందు వచ్చినవారికి అది తక్కువగను, వెనుక వచ్చినవారికి ఎక్కువగను ఉండుట సహజము. ఆ విక్రయమున సుమారు 18 లక్షల డాలర్లు వచ్చెను. 2012నాటి అయిదవ మూట 50 లక్షలను మించినది.

సంపద పెరిగినకొలది స్వేచ్ఛకు హద్దులు ఏర్పడినవి. స్టీమ్ అను విక్రయశాల జరిపిన బహుమతుల పోటీయందు ఎక్కువ అవకాశములు పొందుటకై కొందరు సెంటుకొక మూట చొప్పున పెక్కు మూటలు కొనిరి. అందువలన 2011 డిసెంబరు నుండి స్టీమ్ తాళపుచెవులకు ఒక డాలరు కనీసమూల్యము విధింపబడెను. 2012 నవంబరులో టీహెచ్‌క్యూ అను పెద్ద సంస్థ ఆటలు విండోస్ వారికి మాత్రమే విక్రయింపబడగా పాత అభిమానులు విమర్శించిరి. 2013 ఆగస్టులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన వాటాను పూర్తిగా ధర్మమునకు విడువగా కోటి డాలర్లకు పైగా వచ్చెను. 2017లో హంబుల్ సంస్థ ఐజీఎన్ వశమైనది. 2021 ఏప్రిల్‌లో కొనువాడు సొమ్మును విభజించుకొను హక్కును కుదింపబూనగా, నిరసన చెలరేగి మే నెలలో ఆ యోచనను విరమించిరి. అయినను జూలైలో సంస్థకు 15 నుండి 30 శాతము వరకు కనీసవాటా ఉండునట్లు నియమించిరి.

ఇచ్ఛామూల్య స్ఫూర్తి అంతటితో అడుగంటలేదు. లీఫ్ కోర్కొరన్ 2013లో నెలకొల్పిన ఇచ్.ఐఓ యందు నిర్మాత తన ఆటకు సున్న మొదలు ఎంతయైనను కనీసమూల్యము పెట్టవచ్చును. 2020 జూన్‌లో ఆ వేదికపై జాతిన్యాయమునకై వేయికి పైగా నిర్మాతలు తమ కృతులను కూర్చి ఇచ్చిరి. 5 డాలర్లు కనీసముగా పెట్టినను ఎనిమిది లక్షలకు పైగా జనులు కొని, 80 లక్షల డాలర్లకు పైగా సమకూర్చిరి.

ఈ చరిత్రను పరికించినచో, కొనువాని ఔదార్యము ఒక స్థిరగుణము కాదని తెలియును. 2009లో రెండు డాలర్లు చాలుననుకొనిన జనమే, ఏడు నెలలు గడవకమునుపే, అదే ఆటతో కూడిన మూటకు తొమ్మిది డాలర్లిచ్చెను. మూటలో ఆటలు ఎక్కువగా ఉండుట ఒక కారణము. తమ సొమ్ము ఎవరికి చేరునో తెలియుట, తోడివారెంత ఇచ్చిరో కనబడుట, విభజనాధికారము తమ చేతనుండుట తక్కిన కారణములు. ఆ అధికారమును కుదింపబూనినప్పుడు నిరసన పుట్టుటయు ఇందుకు నిదర్శనమే. గ్రంథములనైనను, గీతములనైనను యథాశక్తి మూల్యమునకు అందింపదలచు సంఘములవారు ఈ సంగతిని గుర్తింపవలసియున్నది. ఇచ్చువానిని నమ్మి పళ్లెమును ముందుంచువారు, అందు పడిన కాసు ఎటుపోవుచున్నదో కూడ అతనికి చూపవలెను.