చిల్లుపడ్డ రూపాయికి ర్యాంకెంత?

అరకు లోయ నుంచి ముంచంగిపుట్టు మీదుగా ఒడిశాలోని ఒనకఢిల్లీ దాకా సాగే కొండల్లో రూపాయి నాణేనికి రెండు జన్మలు. మొదటిది సంతలో, రెండోది ఆడవాళ్ళ మెడలో. పూసల మధ్య గుచ్చి వేసుకునే నాణేల దండల్లో విక్టోరియా బొమ్మ ఉన్న రూపాయి ఒక్కటి పట్టుకు చూస్తే ఆ రెండో జన్మ ఆనవాళ్ళన్నీ దాని మీదే కనిపిస్తాయి. అంచున టంకం పెట్టి అతికించిన కొక్కెం ఉంటుంది. లేదా కిరీటానికి కాస్త పైన మేకుతో కొట్టిన చిల్లు, దాని చుట్టూ లోపలికి నొక్కుకుపోయిన వెండి. రాణి చెంప, జుట్టు పాయలు అరిగి నున్నబడి ఉంటాయి. ఒంటిని ఒరుసుకునే వైపు అరుగుదల ఒక తీరు, పక్క నాణేన్ని తాకే అంచున మరో తీరు. ఈ రూపాయిని అమెరికాలోని గ్రేడింగ్ కంపెనీకి పంపితే అసలుదేనని ఒప్పుకుంటారు గానీ అంకె మాత్రం వేయరు. చిల్లుపడింది, టంకం తగిలింది, కాబట్టి లెక్కలోకి రాదు. అంకె లేని నాణేనికి సేకరణల పోటీలో పాయింట్లు రావు. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ నాణేలు పోగుచేసేవాడికి ఆ పోటీ, ఆ ర్యాంకులు ఏ పాటి పనికొస్తాయన్న ప్రశ్నకు జవాబు ఈ కొండల్లోని నాణేల చరిత్రలో వెతకాలి. నాణెం నిజమైనదని చెప్పే ధ్రువపత్రం పనికొస్తుంది. ర్యాంకు పనికిరాదు. పనికిరాకపోవడమే కాదు, చూడాల్సిన చోట నుంచి చూపును పక్కకు లాగేస్తుంది.

ముందు ఆ అంకెల పుట్టుక చూద్దాం. విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో తొలినాటి అమెరికా పెద్ద సెంట్ల మీద ఒక పుస్తకం వేశాడు. అందులో నాణెం స్థితికి 1 నుంచి 70 దాకా అంకెలు పెట్టాడు. ఉద్దేశం ధర కట్టడమే: అడుగున ఉన్న దానికి డాలరైతే, పైనున్న దానికి డెబ్బై. ఆ ధరల లెక్క ఎంతోకాలం నిలవలేదు, అంకెలు నిలిచాయి. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు వచ్చి నాణేన్ని ప్లాస్టిక్ డబ్బీలో మూసి, పైన గ్రేడు రాసి ఇవ్వడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత వచ్చినవే రిజిస్ట్రీలు. ఫలానా రాజు రూపాయలన్నీ ఒక జాబితా; అందులో నీ దగ్గరున్న ఒక్కొక్క నాణెం గ్రేడు కూడితే వచ్చేది నీ స్థానం. 60 దాటిన నాణేలన్నీ అసలు చేతులు మారనివే. 66కీ 67కీ తేడా మామూలు కంటికి ఆనదు, ధరలో మాత్రం చుక్కలు కనిపిస్తాయి. కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేకుండానే, ఎవరో ఎక్కువ డబ్బు పెట్టి పైగ్రేడు నాణెం కొన్నందుకు నువ్వు ఒక మెట్టు దిగిపోతావు.

అంటే ఈ కొలత నాణెం వాడకం నుంచి ఎంత బాగా తప్పించుకుందో చెబుతుంది. మన్యంలో రూపాయి దేన్నుంచీ తప్పించుకోలేదు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి పెట్టింది: 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు, పన్నెండింట పదకొండు వంతులు వెండి. కోస్తా ఉప్పు లంబాడీల ఎద్దుల మీద సాలూరు కనుమ ఎక్కి ఒడిశాలోని జయపురం వైపు పోయేది. ఉప్పు, గుడ్డ ఎక్కే దారినే వెండి కూడా ఎక్కింది. బ్యాంకు లేని చోట, ఇల్లంటే గడ్డికప్పు అయిన చోట, పోడు కోసం చోటు మారే మనిషికి దాచుకునే స్థలం ఒళ్ళే. పెళ్ళిలో ఇచ్చే ఓలి రూపాయల్లోకి మారింది. పంట పోయిన ఏడు దండలోంచి ఒకటో రెండో విప్పితే గింజలొస్తాయి. విప్పడానికి ఏమీ మిగలని వాడు షావుకారు గుమ్మం ఎక్కేవాడు. ఆ అప్పులు ఎంత ముదిరాయంటే మద్రాసు ప్రభుత్వం 1917లో ఏజెన్సీ ప్రాంతానికే ప్రత్యేకంగా వడ్డీలను, భూమి బదిలీలను కట్టడి చేసే చట్టం తేవలసివచ్చింది. దండకూ తనఖాకూ మధ్య దూరం అంత తక్కువ.

ఆ దండల్లో మిగిలిన నాణేల వరస కూడా ఊరకే ఏర్పడలేదు. 1940లో సర్కారు రూపాయిలో వెండిని సగానికి దించింది, పాత వెండి రూపాయలను కొన్నేళ్ళలోనే చెలామణీ నుంచి తప్పించింది. 1947కల్లా రూపాయి పూర్తిగా నికెల్. పాత వెండి కొంత టంకశాలకు పోయింది, కొంత కంసాలి మూసలో కరిగింది, కొంత మెడల్లో ఉండిపోయింది. 1957 ఏప్రిల్ 1న పదహారణాల రూపాయి నూరు పైసలైంది. తర్వాత అల్యూమినియం పైసలు వచ్చాక అవి కూడా దండల్లో చేరాయి. ధర కోసం కాదు, మెరుపు కోసం, తేలిక కోసం. 2011 జూన్ 30తో పావలా, అంతకు చిన్న నాణేలూ చెల్లకుండా పోయాయి. బజారులో ఆగిపోయినవి థింసా ఆడే మెడల్లో ఇప్పటికీ గలగలమంటున్నాయి. వెండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఆగింది, దాని చోట ఏది చేరింది అన్నది ఒక్క దండను వరసగా చూస్తే తెలుస్తుంది. అరుగుదల, చిల్లు, టంకం ఆ ఆధారంలో భాగాలు. గ్రేడింగ్ వాటినే లోపాలంటుంది.

ఇందులో ఒక వింత ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం పొదుపు కోసం సర్కారే 1943 నుంచి మధ్యలో పెద్ద చిల్లుతో కంచు కాణీ ముద్రించింది. మన పెద్దవాళ్ళు చిల్లుకాణీ అన్నది దీన్నే. ఆ చిల్లు టంకశాల పెట్టింది కాబట్టి మెరుస్తూ దొరికితే ఆ కాణీకి 65 కూడా రావచ్చు. కొండ కింద కంసాలి పెట్టిన చిల్లుకు సున్నా కూడా రాదు. అచ్చు దిగిన క్షణంలోనే నాణెం చరిత్ర ముగిసిందనుకుంటేనే ఈ తేడాకు అర్థం ఉంటుంది.

మనుషులకు అంకెలు వేసే అలవాటు కూడా ఈ నాణేల లోకానికి దూరమైనది కాదు. షెల్డన్ మనుషుల దేహాలను మూడు రకాలుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి 1 నుంచి 7 దాకా అంకెలిచ్చి, వాటిని బట్టి స్వభావం చెప్పవచ్చన్నాడు. శాస్త్రం దాన్ని ఏనాడో పక్కన పడేసింది. ఇక్కడ మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ 1890లో కంపెనీ నాణేల చరిత్రను, మ్యూజియంలోని నాణేల పట్టికను ఒకే పుస్తకంగా తెచ్చాడు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఈ కొండల్లోని గదబలు, పొర్జలు వాటిలో ఉన్నారు. మధ్యలో కొలబద్ద పట్టుకుని ముక్కుల పొడవు, వెడల్పు కొలిచాడు. నాణెం ఒక పుస్తకంలో, నాణెం ధరించే మనిషి ఇంకో పుస్తకంలో ఉండిపోయారు. రెంటినీ కలిపి చదివే అవకాశం ఎవరికైనా ఉండి ఉంటే అది ఆయనకే. పట్టికలు వేసే చేతికి ఆ ఆలోచన రాకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు.

గ్రేడింగ్‌ను వెనకేసుకొచ్చే వాళ్ళ మాటల్లో బలం లేదని కాదు. వెండి రూపాయలకు నకిలీలు కొల్లలు; కొత్తగా దిగినవాడికి మూడో మనిషి పరీక్ష రక్ష. నాణేన్ని చింతపండుతో తోమి పాడుచేసే అలవాటుకూ గ్రేడింగ్ భయం కళ్ళెం వేసింది. ఇవి ఒప్పుకోవలసినవే. కాకపోతే ఈ మేలు చేసేది పరీక్ష. ఎవరి సేకరణ ఎన్నోది అన్న లెక్క దీనికేమీ కలపదు. పోటీ ఉంటేనే మనిషి జాబితా పూర్తిచేస్తాడు, పూర్తిచేస్తూ నేర్చుకుంటాడు అన్నది రెండో మాట. జాబితా పూర్తవుతుంది, నిజమే. ఈ రంగంలో అసలైన జ్ఞానం మాత్రం వేరే దారిలో వచ్చింది. 1862 అని ఉన్న రూపాయలను ఆ తర్వాత పన్నెండేళ్ళ పాటు అదే ఏడు వేసి ముద్రించారు. వెనకవైపు చుక్కల తేడాలను బట్టి ఆ నాణెం నిజంగా ఏ ఏటిదో పోల్చే పద్ధతిని సేకర్తలు తేల్చారు. ఆ చుక్కలు అరిగిన రూపాయి మీద కూడా భూతద్దానికి దొరుకుతాయి. ఇంకా పెద్ద ఉదాహరణ కోటిలింగాల. గోదావరి ఒడ్డున దొరికిన చిలుముపట్టిన చిన్న నాణేల మీద పి.వి. పరబ్రహ్మశాస్త్రి గోబద, నారన, సమగోప వంటి రాజుల పేర్లు, చిముక శాతవాహనుడి పేరు చదివారు. శాతవాహనుల తొలి రోజుల గురించి తెలుగు నేలమీద జరిగిన చర్చంతా వాటితో మలుపు తిరిగింది. ఏ పోటీలోనూ అట్టడుగు స్థానం కూడా రాని నాణేలవి.

పోటీయే చెడ్డదా అంటే, కాదు. తపాలా బిళ్ళల వాళ్ళు దాన్ని ఎప్పుడో చక్కబెట్టుకున్నారు. అంతర్జాతీయ ప్రదర్శనల్లో సంప్రదాయ విభాగానికి ఇచ్చే 100 మార్కుల్లో జ్ఞానానికి, పరిశోధనకు 35, అరుదుతనానికి 20, బిళ్ళ స్థితికి 10. అదే తూకంలో వేస్తే విశాఖపట్నంలో ఉన్న ఒక సాధారణ సేకర్త, నాలుగు అరిగిన రూపాయల పక్కన అవి ఏ సంత నుంచి ఏ దారిన వచ్చాయో, చిల్లు ఏ పనిముట్టుతో పడిందో, ఏ పూసల మధ్య ఉన్నాయో రాసుకుంటే, లక్షలు పోసిన 67ల వరసను దాటి నిలబడగలడు.

దీనికీ ఒక అభ్యంతరం ఉంది, అన్నిట్లో గట్టిది ఇదే. దండలకు విలువ కడితే రేపు సేకర్తలే కొండెక్కి దండలు తెంపించి కొంటారు కదా? కొంటారు. చిల్లుపడ్డ రూపాయికి ఇవాళ బజారు ఇచ్చేది వెండి తూకం ధర. అందుకే అది కరిగిపోతోంది. ఎక్కువ ధర వస్తే కరగదు గానీ విడిపోతుంది, విడిపోయిన నాణెం దండ చెప్పే వరసను పోగొట్టుకుంటుంది. అందుకని ఇక్కడ సేకరణ అంటే కొనడం కాకూడదు. దండ ఎవరిదో వాళ్ళ మెడలోనే ఉండనిచ్చి, వాళ్ళ అనుమతితో రెండు వైపులా ఫొటో తీసి, నాణేల ఏళ్ళు, టంకశాల గుర్తులు, గుచ్చిన క్రమం రాసుకుని, ఒక ప్రతి అరకులోని గిరిజన మ్యూజియానికి ఇవ్వడం. ఆ రాత పుస్తకానికి మార్కులు వేసే పోటీ ఒకటి పెడితే అందులో మొదటి స్థానం కోసం ఎవరు ఎవరితో పోటీ పడినా నాకు అభ్యంతరం లేదు.