టిక్కూన్: మోక్షమా, జీర్ణోద్ధరణమా?

యూదుల మార్మిక సంప్రదాయమైన కబ్బాలాలోని ‘టిక్కూన్’ను మోక్షంగా అనువదిస్తే దాని సారం జారిపోతుంది. పదహారవ శతాబ్దపు సఫేద్ పట్టణ చరిత్ర ఇందుకు ఆధారం.

1492లో స్పెయిన్ నుండి బహిష్కృతులైన యూదులలో పలువురు కాలక్రమాన ఒట్టోమన్ సామ్రాజ్యంలో స్థిరపడ్డారు. గలిలీ కొండల మీది సఫేద్ వారి విద్యాకేంద్రాలలో ఒకటైంది. 1570లో ఈజిప్టు నుండి అక్కడికి వచ్చిన ఐజాక్ లూరియా 1572లోనే మరణించాడు. ఆయన స్వయంగా రాసినది స్వల్పం. బోధలను ప్రధానంగా శిష్యుడు హయ్యిం విటాల్ గ్రంథస్థం చేశాడు.

ఆ బోధ ప్రకారం, అనంతుడు తన్ను తాను సంకోచింపజేసుకొని సృష్టికి చోటిచ్చాడు. దివ్యకాంతిని భరించలేక పాత్రలు పగిలాయి. కాంతికణాలు మలిన ప్రపంచంలో చిక్కుకున్నాయి. వాటిని విడిపించి సృష్టిని చక్కదిద్దడమే టిక్కూన్. ఏకాగ్రచిత్తంతో చేసే ప్రార్థన, నిత్య ధర్మాచరణ అందుకు సాధనాలు. సాధకుని అంతఃపరివర్తన విశ్వకార్యంలో భాగం.

ఈ సృష్టిగాథలో బహిష్కరణ వేదన ప్రతిఫలించిందని గెర్షోమ్ షోలెమ్ 1941లో వెలువడిన గ్రంథంలో ప్రతిపాదించాడు. మోషే ఈడెల్ ఆ కార్యకారణ సంబంధాన్ని ప్రశ్నించి, పూర్వ కబ్బాలా భావనల వికాసానికి ప్రాధాన్యమిచ్చాడు. ఎవరి వాదాన్ని స్వీకరించినా, టిక్కూన్ లోకాన్ని విడిచిపోవడం కాదు, బాగుచేయడం.

కనుక ‘జీర్ణోద్ధరణం’ దానికి మరింత సన్నిహితమైన పదం. అయితే ఆలయాన్ని శిథిలం చేసేది కాలం. లూరియా చెప్పిన భంగం సృష్ట్యారంభంలోనే ఉంది. ఈ భేదాన్ని వివరించడం అనువాదకుని బాధ్యత.