అరంగుళం జాగా

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్నారు పెద్దలు. కటిక నేల మీదైనా కన్ను మూతపడుతుందని వాళ్ల భావం. కానీ పట్టుపరుపు మీద పది గంటలు పడుకున్నా సుఖమెరగని నిద్ర ఇంకొకటుంది. గురకపెట్టేవాణ్ణి కుంభకర్ణుడంటాం. పగలు కూడా తూగుతుంటే బద్ధకస్తుడనేస్తాం. ఆ మాట ఎంత అన్యాయమో తేలడానికి చాలా ఏళ్లే పట్టింది.

ఈ రోగిని డాక్టర్ల కంటే ముందు పట్టుకున్నది మా నవలాకారుల జాతివాడే! 1836–37లో చార్లెస్ డికెన్స్ రాసిన ‘పిక్‌విక్ పేపర్స్’లో జో అనే లావుపాటి కుర్ర నౌకరున్నాడు. నిద్రపోతూనే పనుల మీద వెళ్తాడు. భోజనాల దగ్గర నిలబడి గురకపెడతాడు. బి.ఏ. చదివే రోజుల్లో ఆ ఘట్టాలకి మా క్లాసంతా పడీపడీ నవ్వింది. డికెన్స్ రాసిందీ నవ్వించడానికే.

1956లో అమెరికాలో బర్వెల్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ ఒక రోగి గురించి రాశారు. ఆ పెద్దమనిషి పేకాటలో గెలుపు ముక్కలు చేతికొచ్చినా, పందెం కాయకుండా అలాగే కునుకులోకి జారిపోయాడట! ఆ జబ్బుకి వాళ్లు డికెన్స్ నవల పేరే పెట్టారు. అయితే నేరమంతా ఒంటి లావు మీద మోపారు.

అసలు దొంగ 1965లో దొరికాడు. ఫ్రాన్సులో గాస్తో బృందమూ, జర్మనీలో యుంగ్, కూలో అనే వైద్యులూ వేరువేరుగా, నిద్రపోతున్న రోగుల ఊపిరిని యంత్రాలతో నమోదు చేశారు. నిద్రలో కండరాలు సడలగానే నాలుక వెనక్కి జారుతుంది, గొంతు మూసుకుపోతుంది, ఊపిరి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ మూత, మళ్లీ ఉలికిపాటు. జబ్బు ముదిరితే రాత్రికి వందలసార్లు! ఇక పగలు తూగక ఏం చేస్తాడు, పాపం?

1969లో కూలో బృందం గొంతు కింద చిల్లు పెట్టి ఊపిరికి వేరే దారి చూపింది. ప్రాణానికి ఫరవాలేదు గాని, మెడలో గొట్టంతో కాపురం చెయ్యాలి.

ఇంతలో దవడ ఎముకల కథ మరోవైపు నడుస్తోంది. 1849లో అమెరికాలోని వీలింగ్ పట్నంలో హల్లిహెన్ అనే వైద్యుడు, ఒళ్లు కాలి దవడ వంకరపోయిన ఒక యువతికి కింది దవడ కోసి సరిచేశాడు. 1957లో ట్రౌనర్, ఒబ్వెగెసర్ అనే సర్జన్లు ఇంకా నేర్పుగల పద్ధతి ప్రకటించారు. వెదురుని నిలువునా చీల్చినట్టు దవడ ఎముకని చీల్చి, ఆ చీలికల్ని ఒకదాని మీద ఒకటి జరిపి అతకడం. ఇదంతా ముఖం తీరు కోసం, పళ్ల పొందిక కోసం.

కానీ నాలుక కట్టేసి ఉండేది కింది దవడకే. దవడని ముందుకి జరిపితే, పలుపు పట్టి లాగిన దూడలా నాలుకా ముందుకొస్తుంది. 1979లో కువో బృందం ఆ పని చేసి, నిద్రజబ్బు తగ్గిందని ప్రకటించింది. 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో రైలీ, పావెల్ రెండు దవడల్నీ కలిపి ముందుకి జరిపారు. పై దవడతో పాటు అంగిలీ కదిలి గొంతు విశాలమవుతుంది. ఎంత జరుపుతారనుకున్నారు? సుమారు 10 మిల్లీమీటర్లు. అరంగుళం కూడా లేదు! రివటలా ఉన్నవాళ్లకి కూడా, దవడ చిన్నదైతే, ఈ జబ్బు రావచ్చు మరి. లావొక్కటే దోషి కాదు.

అలాగని అందరూ దవడ కోయించుకోనక్కరలేదు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కోలిన్ సలివన్ ముక్కులోకి గాలిని ఒత్తిడితో పంపే యంత్రం కనిపెట్టాడు. ఇవాళ్టికీ ముందు ఇచ్చేది అదే. అది పడనివాళ్లకే కత్తి. 2016లో 45 అధ్యయనాల్ని కూడి చూస్తే, నూటికి 85 మందికి జబ్బు సగానికి పైగా తగ్గింది. పూర్తిగా పోయింది 38 మందికే. దానికి చెల్లించే వెల కూడా ఉంది. వారాల తరబడి మెత్తటి తిండి, కింది పెదవికి తిమ్మిరి. కొందరికి ఆ తిమ్మిరి మిగిలిపోతుంది కూడా.

జోని లేపడానికి అందరూ అరిచారు గాని, రాత్రి పక్కన కూర్చుని వాడి ఊపిరి లెక్కపెట్టినవాళ్లు లేరు. మన ఇళ్లలో ఆ లెక్క ఇల్లాలికి తెలుసు. గురక ఠక్కున ఆగిపోయి, మళ్లీ మొదలయ్యేదాకా చీకట్లో ఆవిడ కూడా ఊపిరి బిగబట్టే ఉంటుంది. తెల్లారాక ఆ మాట డాక్టరు దగ్గర చెప్పడానికి మొహమాటపడకండి. అది మొగుడి మీద ఫిర్యాదు కాదు, యంత్రం కంటే ముందు దొరికిన సాక్ష్యం.